శ్యాంబజార్ నుంచి పన్నెండో స్టేషన్

1998, మాఘమాసం. రాజమండ్రి నుంచి కాశీయాత్రకు బయల్దేరిన బస్సులో నేను వంటమనిషిని. అన్నవరం, పూరీ చూసుకుని కలకత్తా చేరి, శ్యాంబజార్ దగ్గర ఒక సత్రంలో దిగాం.

యాత్ర బస్సులో వంటమనిషి పని పొయ్యి దగ్గరే అయిపోదు. హెడ్‌కౌంట్ కూడా నాదే. అంటే బండి కదిలే ముందు మనుషుల్ని లెక్కపెట్టడం. నేను మెట్టు మీద నిలబడి లెక్క ముగించి ‘రైట్’ అనేదాకా డ్రైవరు గేరు వేయడు. జనం ఎక్కువగా ఉన్నచోట ఆడవాళ్లను ఇద్దరిద్దరిగా నిలబెట్టి కొంగులు ముడివేసేదాన్ని. టికెట్లూ, సత్రం అడ్రసు చీటీలూ అన్నీ నా బొడ్లో సంచిలోనే ఉండేవి. వాళ్ల చేతికిస్తే పారేస్తారని నా నమ్మకం. “నేను చెప్పేదాకా ఎవరూ దిగకూడదు” అని మొదటిరోజే గట్టిగా చెప్పేదాన్ని. అలా పన్నెండేళ్లలో ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేదాన్ని కూడా.

మర్నాడు పొద్దున కాళీఘాట్ వెళ్లాలి. మేనేజరు సత్తిబాబు వచ్చి, “పగలు మన బస్సుని ఊళ్లోకి రానివ్వరంట పిన్నిగారూ. మెట్రోలో పోదామండి. భూమిలో నడిచే రైలు” అన్నాడు.

“భూమిలో ఎలకలు నడుస్తాయి గానీ రైలెలా నడుస్తుందిరా?”

“చూద్దురుగాని రండి. దేశం మొత్తానికి ఇదే మొదటిదండి.”

నాకు నమ్మకం కలగలేదు. మాది పాలకొల్లు పక్క పల్లె. రెండు బారలు తవ్వితే నీళ్లు. వానాకాలంలో కొబ్బరిమొక్క కోసం గొయ్యి తీసినా నీళ్లే. గంగ ఒడ్డున ఉన్న ఊరు ఇంకెంత మెరుగ్గా ఉంటుంది?

మెట్లు దిగాం. టికెట్ వెనక గోధుమరంగు పట్టీ ఉంది. దాన్ని గేటు మూతిలో పెడితే అవతలివైపు బయటికి వస్తుంది, అప్పుడే అడ్డుకడ్డీ తిరుగుతుంది. దిగిన చోట మళ్లీ పెడితేనే బయటికి పోనిస్తుంది. ఒక్కొక్కర్నీ దాటించి టికెట్లన్నీ తిరిగి నేనే పోగుచేసుకున్నాను.

కింద ప్లాట్‌ఫారం మీద నిలబడి గోడ మీద చెయ్యి వేసి చూశాను. పొడిగా ఉంది. చెమ్మ వాసన కూడా లేదు. ఇంతలో ముందు గాలి వచ్చింది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత దీపాలు. మావాళ్లలో సగంమంది చేతులెత్తి దండం పెట్టారు.

ఆ రోజు ఆడవాళ్లు ఇరవై ఒక్కరు. జత లేకుండా మిగిలినావిడ సుభద్రమ్మగారు. అంబాజీపేట దగ్గరి మనిషి, డెబ్భై దాటిన వయసు. ఆవిడ కొంగు నా కొంగుకే ముడివేసుకున్నాను. తలుపులు తెరుచుకోగానే ఆవిడ ముందుగా లోపలికి అడుగేశారు. నేను గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా వెనక్కి తిరిగి లెక్క మొదలుపెట్టాను. ఆరో జత దగ్గర ఉండగా తలుపులు మూసుకున్నాయి.

బస్సుని ఆపినట్టు చెయ్యెత్తి “ఉండు!” అన్నాను రైలుతో. అది నా ‘రైట్’ కోసం ఆగే బండి కాదు కదా. సుభద్రమ్మగారు అద్దం అవతల, నేను ఇవతల, మధ్యలో ముడిపడిన కొంగులు. ముడి లోపల ఉండిపోయింది. రెండు చేతులతో నా కొంగు పట్టుకుని బలమంతా పెట్టి లాగాను. పదేళ్లు ఉతికి కట్టిన నేతచీర. పర్రున చిరిగింది. రైలు వెళ్లిపోయింది.

పరాయి ఊళ్లో, భూమి లోపల, భాష రాని ముసలావిడ ఒంటరిగా! టికెట్ నా దగ్గర. అడ్రసు నా దగ్గర. ఎక్కడ దిగాలో కూడా నేను ఆవిడకి చెప్పలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

సత్తిబాబు నన్ను స్టేషన్ మాస్టర్ గదికి తీసుకెళ్లాడు. నెరిసిన జుట్టాయన. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు.

“గుర్తులేంటని అడుగుతున్నారండి.”

“పసుప్పచ్చ చీర. కొంగుకి ఆకుపచ్చ గుడ్డముక్క ముడేసి ఉంటుంది. అది నాదే.”

ఆయన ఫోనెత్తి ఒక్కో స్టేషన్‌కీ చెప్పాడు. తర్వాత వాడేసిన కాగితం వెనక్కి తిప్పి పై నుంచి కిందికి ఒకే గీత గీసి, దాని మీద స్టేషన్‌కో చుక్క పెట్టాడు. పైన దమ్‌దమ్ స్టేషన్, కింద టాలీగంజ్.

“దీనికి కొమ్మల్లేవంటున్నారు పిన్నిగారూ. ఈ గీత దాటి ఎక్కడికీ పోలేరంట. టికెట్ లేదు కాబట్టి గేటు దాటి బయటికీ పోలేరంట.”

నా ఏడుపు కాస్త ఆగింది. నన్ను కుదుటపరచడానికో ఏమో, ఆయన ఆ గీత మీద వేలు పెట్టి పాత సంగతులు చెప్పాడు. తవ్వడం మొదలై అప్పటికి పాతికేళ్లు. నడివీధులు నిలువునా కోసి, గోడలు కట్టి, పైన మళ్లీ కప్పు వేశారట. ఏళ్ల తరబడి ఊరంతా బురద, తిట్లు. వాళ్ల నాన్నగారు చెక్కపలకల మీద నడిచి ఇంటికి చేరేవారట. రైలెక్కకుండానే పోయారు. ముందు ఒక ముక్క, తర్వాత ఒక ముక్క నడిచి, గీత మొత్తం కలిసి మూడేళ్లే అయిందట.

“ఈ స్టేషన్‌కి అవతల కాలవ ఉందంట. దాని కిందనుంచి తొలిచేరంట. కంప్రెస్డ్ ఎయిరంటండి, గాలిని బిగించి నింపితే ఆ గాలే నీటిని లోపలికి రానివ్వదంట.”

“కాలవ కిందా?”

“కాలవ కిందేనండి.”

మా గోదావరి వైపు ఏటి మీద నుంచి కాలవని దాటించిన అక్విడక్టు చూసి పెరిగినదాన్ని. దానికే చిన్నప్పుడు నోరు తెరిచాను. ఇక్కడ కాలవ కింద మనుషులు ప్రయాణం చేస్తున్నారు. 

ఫోను మోగింది. మాస్టరుగారు వింటూ వింటూ నవ్వేశాడు. టాలీగంజ్‌లో అందరూ దిగినా ఒక ముసలావిడ దిగట్లేదట. కడ్డీని వాటేసుకుని తల అడ్డంగా ఊపుతోందట. “దిగకపోతే పోనీ, ఆ రైలే కదా వెనక్కి వచ్చేది. తోడుగా ఒకర్ని కూర్చోబెట్టండి” అని ఫోనులో చెప్పాడాయన.

అదే ప్లాట్‌ఫారానికి రెండోవైపు నిలబడి ఎదురుచూశాను. మళ్లీ ముందు గాలి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. సుభద్రమ్మగారు కడ్డీ పట్టుకునే ఉన్నారు. కొంగున నా ఆకుపచ్చ ముక్క వేలాడుతోంది.

“దిగండమ్మా” అన్నాను. అప్పుడు దిగారు.

“మీరు చెప్పేదాకా దిగొద్దన్నారు కదండీ. పాపం వాళ్లు ఎంత బతిమాలినా దిగలేదు.”

“భయమెయ్యలేదా?”

“ఎయ్యకేం. జపం లెక్కన వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటా కూర్చున్నాను. పదమూడు సార్లు చీకట్లో ఆగిందండీ. పద్నాలుగోసారి ఎండలోకి వచ్చింది. వేరే ఊరేమో అనుకున్నాను. మళ్లీ వెనక్కి తిరిగి పద్నాలుగు లెక్కపెట్టేసరికి మీరు కనిపించారు.”

మాస్టరుగారు గీసిచ్చిన కాగితం మీద శ్యాంబజార్ నుంచి చుక్కలు లెక్కపెట్టాను. లెక్క సరిగ్గా సరిపోయింది. నేను మూడో తరగతి చదివాను, ఆవిడ బడి మొహమే చూడలేదు. నేను టికెట్లు భద్రంగా దాచాను. ఆవిడ చీకట్లో ఒంటరిగా కూర్చుని రైలుదారి మొత్తం నేర్చుకొచ్చారు.

సంచి విప్పి ఎవరి టికెట్ వాళ్ల చేతిలో, ఎవరి చీటీ వాళ్ల చేతిలో పెట్టాను. సత్తిబాబుని అడిగి, “కాళీఘాట్ పన్నెండోది. తప్పిపోతే అక్కడ దిగి నిలబడండి” అని చెప్పాను. కొంగుల ముళ్లన్నీ విప్పించేశాను. ఆ తర్వాత ఎన్ని యాత్రలకు వెళ్లినా దారి ముందు చెప్పి, తర్వాతే లెక్కపెట్టాను. ఒక్కరి టికెట్టూ పోలేదు.

ఆ పూట అందరం ఎక్కాక, “మీరు లెక్కపెట్టండమ్మా, మేం వింటాం” అన్నాను సుభద్రమ్మగారితో. ఆవిడ కళ్లు మూసుకుని బొటనవేలు కణుపుల మీద జరుపుతూ కూర్చున్నారు. రైలు పన్నెండోసారి ఆగింది.

“ఇదేనండి, దిగండి” అన్నారు.

ఆవిడ మాట మీద దిగాను.