జామెట్రీ బాక్సుతో గీసిన సముద్రం

ఆ రోజుల్లో అనకాపల్లిలో తెలివైన పిల్లలకి ఆదివారాలు ఉండేవి కావు. మిగతా వారమంతా బడి, ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక పోటీ. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, లెక్కల టాలెంట్ టెస్ట్, చిత్రలేఖనం. ఏ కాలేజీ గేటు చూసినా ఒక బ్యానరు వేలాడుతూ ఉండేది. ఇంట్లో తెలివైన పిల్ల ఉందంటే, ఆ తెలివిని వారానికోసారి బయటికి తీసి ఎండలో ఆరబెట్టకపోతే పురుగు పట్టేస్తుందని పెద్దవాళ్లకి గట్టి నమ్మకం. నన్నూ అలాగే ఆరబెట్టారు. (నిజానికి నాకున్న తెలివి లెక్కల వరకే. తతిమ్మా విషయాల్లో నా సంగతి ఏమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

తొమ్మిదో తరగతిలో నా పేరే ఉన్న పిల్ల ఇంకొకతె ఉండేది. పేరే కాదు, ఇంటిపేరులో మొదటి అక్షరం కూడా ఒకటే. హాజరు పిలిస్తే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం. ఈ అవస్థ భరించలేక లెక్కల మాస్టారు నన్ను పొడుగు అనీ, దాన్ని పొట్టి అనీ పిలవడం మొదలుపెట్టారు. బడంతా అవే పేర్లు స్థిరపడిపోయాయి. పొట్టిది నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపలమ్మేది. అది మా ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఎవరేమన్నా ఎదురు చెప్పేది కాదు, అసలు మాట్లాడటమే తక్కువ. చేతిలో పెన్సిలుంటే మాత్రం ఊరుకునేది కాదు. బయాలజీ రికార్డులో అది వేసిన కప్పని చూసి సైన్సు టీచరు ఒక అడుగు వెనక్కి వేసిందని మా తరగతిలో చెప్పుకునేవారు.

ఆ ఏడాది చలికాలంలో ఒక కాలేజీవాళ్లు బడి పిల్లలకి పోటీలు పెట్టారు. లెక్కల టాలెంట్ టెస్టుకి నన్నూ, చిత్రలేఖనానికి పొట్టినీ పంపాలని మాస్టారు నిర్ణయించారు. బొమ్మల్లో గెలిచినవాళ్లకి వేసవిలో విశాఖపట్నంలో ఉచితంగా శిక్షణ ఇప్పిస్తారట. పొట్టికి అది చిన్న విషయం కాదు. బొమ్మలకి చదువేమిటి, పదో తరగతి అవగానే ఇంటికి తెచ్చేస్తానని వాళ్ల నాన్న అప్పటికే అనేశాడు. ఒక్క ప్రైజు కళ్లారా చూపిస్తే ఆయన మాట మారుతుందని వాళ్లమ్మ ఆశ.

మా ఇంట్లో ఆశలకి కొదవే లేదు. మా నాన్న టెలిఫోన్ లైన్‌మన్. ఆ నెలలో ఊళ్లో ఎవరింటి ఫోను పాడైతే వాళ్లందరికీ నేను లెక్కల పోటీకి వెళుతున్న సంగతి తెలిసిపోయింది. ఫోను బాగున్నవాళ్లకి మా అమ్మ చర్చిలో చెప్పింది. పోటీకి ముందు ఆదివారం పాస్టరు గారు వ్యాధిగ్రస్తుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవారి కోసం ప్రార్థించి, ఆ వెంటనే నా పేరు ఎత్తి నాకు గణితంలో జ్ఞానం దయచేయమని వేడుకున్నారు. ఇంతమంది ఇంత చేశాక ఫస్టు రాకపోవడానికి కారణమేమీ నాకు కనిపించలేదు.

పోటీ రోజు పొద్దున్నే అట్ట, జామెట్రీ బాక్సు పట్టుకుని కాలేజీ గేటు దగ్గరికి చేరాను. పొట్టి నా చేతిలో తన నీళ్ల సీసా పెట్టి, బస్సు దిగే వాళ్లమ్మని తీసుకురావడానికి వెళ్లింది. అది అలా వెళ్లిందో లేదో, ఛాతీకి బ్యాడ్జి తగిలించుకున్న ఒక కాలేజీ అబ్బాయి మా పేరు పిలిచాడు. నేను చెయ్యెత్తాను. మేడ మీద హాలు అన్నాడు. ఏ పోటీ అని అతను అడగలేదు, నేనూ అడగలేదు. మెట్లెక్కి కూర్చున్నాను. కాసేపటికి ఒక మేడం గారు వచ్చి ఒక్కొక్కరికీ పెద్ద తెల్ల కాగితం ఇచ్చారు. చిత్తు లెక్కలకి ఇంత మంచి కాగితం ఇస్తున్నారంటే చాలా పెద్ద కాలేజీ అనుకున్నాను. పక్కవాళ్లు రంగులూ కుంచెలూ బయటికి తీస్తుంటే కూడా, వీళ్లెవరో లెక్కలు రాని పిల్లలని జాలిపడ్డాను. బోర్డు మీద 'సముద్ర తీరం' అని రాశాక గాని అది బొమ్మల హాలని నాకు తెలియలేదు.

లేచి నాది లెక్కలని చెప్పాను. మేడం గారు నా పేరు అడిగారు, ఇంటిపేరు అక్షరం అడిగారు, రెండూ సరిపోయాయి గనక కూర్చోమన్నారు. లెక్కల హాలు తలుపులు అప్పటికే మూసేశారట. నేను మళ్లీ కూర్చున్నాను. అంతకు ముందే, ఆ తలుపులు ఇంకా మూయకముందు, కింద పొట్టి తిరిగొచ్చేసరికి బొమ్మల హాల్లో దాని పేరు మీద మనిషి ఉంది. మిగిలిన హాలు లెక్కలది. అందులోకి పొమ్మంటే, ఎదురు చెప్పడం తెలియని పిల్ల కాబట్టి, రంగుల డబ్బా చంకలో పెట్టుకుని అలాగే వెళ్లిపోయింది.

ఖాళీ కాగితం ఇచ్చి వచ్చే అలవాటు మా వంశంలో లేదు. స్కేలు పెట్టి సముద్రం గీశాను. అలలన్నీ ఒకే ఎత్తులో రావాలని కోణమానినితో అర్ధవృత్తాలు వరసగా వేశాను. వృత్తలేఖినితో సూర్యుడు. పడవ సమద్విబాహు ట్రెపీజియం. కొబ్బరిచెట్టు నేలకి సరిగ్గా లంబంగా ఉందో లేదో రెండోసారి కొలిచి చూశాను. గీస్తూ గీస్తూ ఉండగా నాకే తెలియకుండా ఆ బొమ్మ మీద ప్రేమ పుట్టింది. చివరికి వచ్చేసరికి, దేవుడు నన్ను ఈ హాల్లోకి పంపడంలో ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందని కూడా అనుమానం కలిగింది.

కిందికి దిగేసరికి వరండాలో చిన్న గుంపు. లెక్కల హాలులో కాపలా కూర్చున్న ముసలి లెక్చరరు గారు ఒక కాగితం పట్టుకుని పొట్టిని నిలదీస్తున్నారు. పక్కన వాళ్లమ్మ బుట్ట దించుకుని కంగారుగా నిలబడి ఉంది. చిత్తుపని చేసుకోమన్న చోట పొట్టి ఆయన బొమ్మ వేసింది. కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్లజోడు ముక్కు చివరికి జారి, ఆయన నిద్రపోతున్న బొమ్మ. "లెక్కలు చెయ్యమంటే మీ అమ్మాయి చేసిన పని చూడమ్మా" అని ఆయన ఆ కాగితం వాళ్లమ్మకి ఇచ్చారు. ఆవిడ కాగితం చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"అచ్చం మీనాగే ఉంది బాబూ. నోరు కూడా అలగే తెరిసీసి ఉన్నారు."

ఆవిడ వెటకారంగా అనలేదు, మెచ్చుకోలుగానే అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోవడానికి నేల చూపులు చూశారు. ఆయన కాగితం వెనక్కి తీసుకుని చాలాసేపు చూసుకున్నారు. తరవాత ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఆ నవ్వుతోటే, ఇంత చెయ్యి ఉన్న పిల్లవి లెక్కల హాలుకి ఎందుకొచ్చావని అడిగారు. పొట్టి నన్ను చూసింది. ఇద్దరి కథా నేనే చెప్పాను.

ఆయన మమ్మల్ని మేడ మీది మేడం గారి దగ్గరికి తీసుకెళ్లి, మధ్యాహ్నం ఖాళీ గదిలో పొట్టి చేత బొమ్మ వేయించమని అడిగారు. ఒక పేరుకి ఒక్క బొమ్మే తీసుకుంటామని, ఆ పేరు మీద ఇప్పటికే ఒకటి వచ్చిందని ఆవిడ అన్నారు. కట్టలోంచి నా సముద్రం తీసి బల్ల మీద పెట్టారు. నేను ఒప్పుకుంటే దాన్ని పక్కన పెడతారట. నా లెక్కల సంగతి అడిగితే, జవాబులు అప్పుడే గోడకి అతికించేశారు గనక ఇంక కుదరదన్నారు. అంటే నాకు ఆ రోజు మిగిలిందల్లా ఆ సముద్రమే. "నా బొమ్మ ఎలా ఉందండీ?" అని అడిగాను. మేడం గారు దానివైపు చూసి, మాట కోసం వెతుక్కుని, "సముద్రం చాలా పద్ధతిగా ఉందమ్మా" అన్నారు. ఆ మాటలోని దయ అర్థమయ్యే వయసే నాది. తీసెయ్యమన్నాను.

పొట్టి గదిలో బొమ్మ వేసుకుంటుంటే, బయట వాళ్లమ్మ కేరేజీ విప్పి నాకు అన్నంలో చేపల పులుసు కలిపిచ్చింది. నేను ఏడుస్తూనే మొత్తం తినేశాను. ఆవిడ నన్ను ఏడవద్దనలేదు. "ముల్లు సూసుకుని తిను తల్లీ" అని మాత్రం అంది.

సాయంత్రం పొట్టికి రెండో బహుమతి వచ్చింది. ఆ బొమ్మలో సముద్రమంటే పైన ఒక పల్చని గీత, అంతే. కాగితమంతా ఒడ్డున బుట్టలు పెట్టుకుని పడవల కోసం కూర్చున్న ఆడవాళ్లు, మనకి వీపులు తిప్పి. ఒక్క ముఖమైనా లేదు. వాళ్లమ్మ ఆ బొమ్మ దగ్గరికెళ్లి అందులో ఒక కొప్పు మీద వేలు పెట్టి, "ఇది నాను" అంది. ఆ బొమ్మనీ ప్రశంసాపత్రాన్నీ చీర చెంగులో చుట్టి, నక్కపల్లి బస్సెక్కి తీసుకుపోయింది. (వాళ్ల నాన్న నోరు తెరిచి ఏమన్నాడో తెలియదు. వేసవిలో మాత్రం పొట్టి విశాఖపట్నం వెళ్లింది.) హాస్టలు వైపు మళ్లే ముందు అది నా చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల నీ లెక్కలు పోనాయి కదే, పొడుగూ."

నీ వల్ల కాదు, మనిద్దరికీ వేరే పేర్లు పెట్టి ఆ ముక్క కాలేజీవాళ్లకి చెప్పని మాస్టారి వల్ల అన్నాను. అది ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది.

నన్ను తీసుకెళ్లడానికి నాన్న సైకిలు మీద వచ్చాడు. దారంతా చెప్పాను. ఆయన తొక్కుతూ విన్నాడు. వీధి మొదట్లో కిరాణా కొట్టు మామ్మ అడగనే అడిగింది. "ఏటి బాబూ, పిల్లకి లెక్కల్లో ఫస్టొచ్చిందా?" నాన్న కాలు కిందపెట్టి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "లెక్కలెప్పుడూ ఉన్నవే కదా మామ్మా. ఈసారి సరదాగా బొమ్మల పోటీకెళ్లింది" అని చెప్పి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడాది సరైన హాల్లోనే కూర్చుని లెక్కల టెస్టు రాశాను. ఫస్టూ రాలేదు, సెకండూ రాలేదు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఆ లెక్కలే చెప్పుకుని బతుకుతున్నాను. అయినా అప్పుడప్పుడూ ఆ సాయంత్రం సైకిలు వెనక కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. బజారు చౌకు దాటుతుంటే తల వంచుకుని, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని, అనకాపల్లి మొత్తం తననే చూస్తోందని కుమిలిపోయింది. ఊరు తన బేరాల్లో తనుంది. ఎవరూ చూడటం లేదే తల్లీ, హాయిగా తలెత్తుకుని వెళ్లు అని దానికి చెప్పాలనిపిస్తుంది. చెప్పి లాభం లేదు. ఎవరూ చూడటం లేదంటే ఆ పిల్ల ఇంకా ఎక్కువ ఏడ్చి ఉండేది.