చుక్కాని రంగు

పళ్ళ సెట్లు తయారుచేసే ఆవిడకి రంగు దగ్గర మహా పట్టింపు. పక్క పన్నుతో ఆవగింజంత తేడా వచ్చినా చేసినదంతా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేది. డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో ఇరవై ఏళ్ళుగా ఆమెకి అదే పని. ఆదివారం వస్తే మాత్రం ఇంట్లో బొమ్మ యుద్ధవిమానం ముందేసుకుని కూర్చునేది. ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటే అంటించి, అతుకులు కనబడకుండా పళ్ళకి వాడే సన్న ఆకురాయితోనే నున్నగా రాసేది.

"ఈ యుద్ధమేదో తొందరగా ముగించావంటే, మనం మళ్ళీ బల్ల మీద భోంచేస్తాం," అనేవాడు భర్త, కంచం ఒళ్ళో పెట్టుకుని.

చిక్కల్లా రంగు దగ్గరే వచ్చింది. పెట్టె మీది బొమ్మలో విమానం పైభాగమంతా ఒకటే ఆకుపచ్చ. పాత పత్రికలో దొరికిన నలుపు తెలుపు ఫొటోలో మాత్రం తోక చివర, విమానాన్ని పక్కకి తిప్పే చుక్కాని ఒక్కటే ముదురుగా ఉంది. భూతద్దం పెట్టి చూసింది. నీడేమో అనుకుంటే వెలుగు అటువైపే పడుతోంది. మరి వేరే రంగా? ఏ రంగు?

"ఎవరు చూడొచ్చారు? పచ్చ పూసెయ్," అన్నాడు భర్త.

"నేను చూశాగా!"

కనబడినవాళ్ళందర్నీ అడిగింది. చివరికి డాక్టరుగారే చెప్పారు: "సోమవారం సెట్టు పెట్టించుకోడానికొచ్చే పెద్దాయన ఒకప్పుడు విమానాల షెడ్డులో రంగులేసేవాడట."

సోమవారం ఆయన కుర్చీలో కూర్చోగానే ఫొటో చేతిలో పెట్టింది. ఆయన కళ్ళు మెరిశాయి. గబగబా ఏదో చెప్పాడు గానీ, పళ్ళులేని నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఆయనే నవ్వి, ముందు ఇది కానియ్యమన్నట్టు నోరు చూపించాడు. సెట్టు బిగించేదాకా ఆమె ప్రాణం నిలవలేదు.

"ముదురు రంగు కాదమ్మాయ్, అసలు రంగే అది," అన్నాడు ఆయన, ఒక్కో మాటా కొత్త పళ్ళతో పరీక్షిస్తూ. "ఒళ్ళంతా రేకు. చుక్కానికి మాత్రం గుడ్డ. గుడ్డ చిరిగితే కొత్తది తొడిగి కొత్తగా రంగేసేవాళ్ళం. మిగతాదంతా ఎండకి వెలిసిపోయి ఉండేది."

ఆమె నుదురు కొట్టుకుంది. "నోట్లో కొత్త పన్ను ఒక్కటి పెడితే పాతవన్నీ పసుపని తెలిసిపోతుంది. రోజూ చూస్తూ నాకు తట్టలేదు చూడండి తాతగారూ!"

ఆ ఆదివారం విమానానికంతా పచ్చ పూసి, ఆరాక చుక్కానిని వదిలేసి మిగతా పచ్చ మీద తెల్లరంగు నీళ్ళలా పలచన చేసి పొర మీద పొర వేసింది. వారం తిరక్కుండా పెద్దాయన చిగురు ఒరుసుకుంటోందని మళ్ళీ వచ్చాడు. బాగుచెయ్యడానికి సెట్టు తీద్దామంటే నోరు తెరవలేదు, ముందు విమానం చూపించమన్నాడు. ఆయన కోసమే ఆమె దాన్ని రంగులతో సహా క్లినిక్కి తెచ్చిపెట్టుకుంది. ఆయన చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పాడు.

"పొట్ట ఇంత శుభ్రంగానా? ఇంజను నూనె కారి ఇక్కడ నల్లటి చార ఉండాలి. తుడవలేక మా చేతులు పడిపోయేవి."

ఆమె సన్న కుంచె నల్లరంగులో ముంచి ఆయన పక్కనే స్టూలు లాక్కుంది. చిటికెన వేలితో చోటు చూపిస్తూ, "ఇంకాస్త వెనక్కి... ఆఁ, కారనీ," అంటున్నాడు ఆయన. తలుపు దగ్గర నుంచి డాక్టరుగారు, "ఏమ్మా, చిగురు సంగతేమైంది?" అని అడిగారు. ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు.