పాయింట్ల రేటు అడిగిన రఫీ

నిన్న పొద్దున రఫీ వాళ్లక్క షమీమక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, రఫీ లేడు."

షాపులో లేడేమో అనుకున్నాను. "ఎటు పోయిండక్కా?" అని అడిగాను.

అటువైపు ఏడుపు వినబడ్డాకే అర్థమైంది.

ముప్పై మూడేళ్లు వాడికి. భూపాలపల్లిలో తను పనిచేసే సెల్ రిపేర్ షాపు తెరిచి, స్టూల్ మీద కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె అన్నారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం నిన్న బంద్. నేనుండే మహబూబాబాద్ నుంచి ఒక్క బస్సు లేదు. ఎవరిదో బైక్ అడుక్కుని బయల్దేరేసరికే మధ్యాహ్నమైంది. దారిలో రాస్తారోకో. "దోస్త్ సచ్చిపోయిండన్నా, జర పోనీయుండ్రి" అంటే రాళ్లు పక్కకు జరిపి దారిచ్చారు. వాళ్లనేమీ అనను. పోయిన వారం అదే రోడ్డు మీద నేనూ కూర్చున్నాను.

వాడి సొంతూరు జనగామ చేరేసరికి, అంబులెన్స్‌లో తెచ్చిన రఫీకి మట్టి ఇచ్చి అందరూ తిరిగి వస్తున్నారు.

ముఖం కూడా చూడలేదు.

రఫీ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. జనగామ స్టేషన్ రోడ్డులో ఒకప్పుడు గేమ్ షాప్ ఉండేది కదా, అది వాడిదే. ఒక్క గది, మూడు టీవీలు, మూడు గేమ్ మెషీన్లు, ఎప్పుడూ గుయ్‌మనే పాత కూలర్. నర్సింహులపేట నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన నేను క్లాసులో కంటే ఆ గదిలోనే ఎక్కువ కూర్చున్నాను. రఫీ పదో తరగతితో ఆపేశాడు. కానీ ఏ మెషీన్ పాడైనా విప్పి బాగుచేసేవాడు.

కార్ రేస్ గేమ్‌కు కొత్త ట్రాకులు నెట్‌లో వచ్చేవి. వాటిని నేరుగా రూపాయలతో కొనలేం. ముందు కంపెనీ అమ్మే "పాయింట్లు" కొనాలి. ఆ పాయింట్లతో ట్రాక్ కొనాలి. అవే పాయింట్లకు అమెరికాలో ఒక రేటు, ఇండియాలో ఇంకో రేటు.

మనకే ఎక్కువ.

రఫీకి ఇది అస్సలు మింగుడుపడలేదు.

"వాళ్ల జీతాలెంత, మన జీతాలెంత? గదే ట్రాకు, గదే కారు. మన దగ్గరనే ఎక్వ ఎందుకు గుంజుతుండ్రు?"

నాతో కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ రాయించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఒకటే జవాబు. ధరలు ప్రాంతాన్ని బట్టి ఉంటాయి, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది.

ప్రాంతం అన్న మాట వినగానే రఫీ నవ్వాడు. "ఆడ గూడ గిదే లొల్లా?"

తర్వాత హైదరాబాద్‌లో పాయింట్ల కార్డులు అమ్మే డీలర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. రఫీ అడగడం పూర్తికాకముందే అటువైపు మనిషి, "ఏంటండీ, ఇంకోసారి అనండి, మావాళ్లు కూడా వింటారు" అన్నాడు. స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు. వెనక నలుగురైదుగురు నవ్వారు. అచ్చం సినిమాలో కామెడీలా ఉందండీ అన్నారెవరో.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ లాక్కోబోయాను.

రఫీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అదే ప్రశ్న, అదే యాసలో, మెల్లగా, ఒక్కో మాట వత్తి మళ్లీ అడిగాడు. వాళ్లు మళ్లీ నవ్వారు.

"నవ్వుడు అయిపోయిందా సార్? అయితే జర రేటు ఎందుకెక్వనో చెప్పుండ్రి."

లైన్ కట్ అయింది.

ఆ తర్వాతే పెద్ద సమ్మె వచ్చింది. కాలేజీలన్నీ మూతపడ్డాయి. పొద్దంతా ఊరేగింపుల్లో తిరిగినవాళ్లు సాయంత్రానికి రఫీ షాపులో కూర్చునేవాళ్లు. కొత్త ట్రాకులేవని అందరూ అడిగేవాళ్లే.

అప్పుడు నేనే చెప్పాను. గేమ్ అకౌంట్‌లో దేశం మార్చెయ్, అమెరికాలో ఉన్నట్టు పెట్టు, అమెరికా కార్డులు నెట్‌లో దొరుకుతాయి, సగం ఖర్చు మిగులుతుంది అని.

"ఏం గాదు గదా?"

"ఏం గాదురా."

కొన్ని వారాలు బాగానే నడిచింది. ఒకరోజు మెషీన్ ఆన్ చేస్తే అకౌంట్ తెరుచుకోలేదు. ప్రాంతం తప్పుగా ఇచ్చారు, అందుకే మూసేశాం అని కంపెనీ మెసేజ్. అమెరికా పాయింట్లతో కొన్నవే కాదు, అంతకుముందు రెండేళ్లు మన రేటుకే, ఎక్కువిచ్చి కొన్నవి కూడా పోయాయి. ఒక్క ట్రాక్ మిగల్లేదు.

మళ్లీ మెయిల్ రాశాను. ఈసారి మా అభిప్రాయానికి ఏ విలువా లేదు. జవాబే రాలేదు.

ఆడేవాళ్లు ఒక్కొక్కరే వేరే షాపుకు మళ్లారు. నాలుగు నెలలకు రఫీ టీవీలు అమ్మేసి, భూపాలపల్లికి కూలికి వెళ్లిపోయాడు. స్వంత షాపు ఉన్నవాడు ఇంకొకరి స్టూల్ మీద కూర్చున్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒకసారి, "నా వల్లనే గదరా" అన్నాను.

"నువ్వు చెప్పినవ్. బటన్ నేనే నొక్కిన గదా. ఇడ్సిపెట్టు."

నిన్న షమీమక్క కూడా నాకే చాయ్ ఇచ్చి, నన్నే ఓదార్చింది. ఆ చాయ్ తాగకుండా పక్కన పెట్టేశాను.

ఎందుకో ఇక్కడ చెప్తాను. వాడికి చెప్పలేకపోయాను కాబట్టి.

దేశం మార్చేటప్పుడు స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక పేజీ వచ్చింది. తప్పు ప్రాంతం ఇస్తే అకౌంట్ శాశ్వతంగా మూసేస్తామని అందులో ఉంది.

రఫీ చదవలేడు. నేను చదివాను.

"ఏం రాసిండ్రు?" అని అడిగాడు.

"ఏం లేదు, ఓకే కొట్టు" అన్నాను. కొత్త ట్రాకులు ఆడాలని నాక్కూడా ఉండింది.

రఫీ, నాకు మాఫీ అడిగే మొహం లేదు. నువ్వున్న చోట ఎవరూ నీ మాటకు నవ్వకూడదు. అల్లా నీకు శాంతి, సుకూన్ ఇవ్వాలి.

పోయిరా దోస్త్.