ఒట్టి అచ్చు

నా చిన్నప్పుడు నగరిలో మా వీధికి గడియారం అక్కర్లేదు, మగ్గాల చప్పుడే గడియారం. ఏ ఇంట్లో చప్పుడు ఆగితే ఆ ఇంట్లో పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయిందని లెక్క. అప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్లంతా అక్కడ చేరి, వేళ్లకు బూడిద అద్దుకుని అచ్చు అతికేవాళ్లు. అచ్చంటే దువ్వెన పళ్లలా సన్నటి సందులుండే చట్రం. అయిపోయిన పడుగు కొసలను అందులోనే వదిలి, ఒక్కో కొసకు ఒక్కో కొత్త పోగును మెలిపెడతారు. పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంబడే సందులోంచి వచ్చేస్తుంది. పని వాళ్లది, ఆ ఇంటివాళ్లు తినడానికి పెట్టే బొరుగులు పిల్లలవి.

మా వీధి నుంచి తిరుపతి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల పక్కింటి అక్క. తాను కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. సెలవులకు వచ్చిందంటే నేను ఆమె ఓణీ కొస వదిలేదాన్ని కాదు. ఒకసారి సెలవులైపోయినా అక్క కదల్లేదు. తరగతిలో ఆమె మాట తీరుకు నవ్వుతారట. తెలియనిది అడుగుదామంటే ఒక్క మనిషి లేదట. వాళ్ల నాయన బతిమాలి బతిమాలి ఊరుకున్నాడు. చివరికి మా అవ్వ దగ్గరకొచ్చి, "నేనింక పోనవ్వా, మగ్గం పని నేర్చుకుంటా" అంది. నాకు ఏడుపొచ్చింది. అక్క చదువు ఆగితే నా చదువు మాట ఎవరెత్తుతారు?

అవ్వ మాత్రం కాదనలేదు. ఒట్టి అచ్చు ఒకటి తెచ్చి మగ్గానికి కట్టింది. అందులో పాత కొసలు లేవు. పోగులు ఒక్కొక్కటే సందుల్లో దూర్చమని చెప్పి, తను తీరిగ్గా వక్కాకు వేసుకుంది. పాపం, అక్క ఇటునుంచి పోగు దూర్చి, లేచి అటు వెళ్లి లాగేలోపు అది జారిపోయేది. పొద్దెక్కినా జానెడు నిండలేదు. అందులోనూ సగం తప్పు సందుల్లో ఉన్నాయి. అక్క కళ్లలో నీళ్లు. అవ్వకేమో నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

"ఒట్టి అచ్చు ఒంటి మనిషి పని కాదమ్మీ" అంటూ అవ్వ అప్పుడు లేచి అటువైపు కూర్చుంది. అవ్వ పోగు అందిస్తుంటే అక్క ఇటునుంచి కొక్కెంతో లాగింది. పని చకచకా సాగింది. కాసేపటికి అక్క ముఖం కూడా తేటపడింది. అప్పుడు చెప్పింది అవ్వ: "మొదుట ఎవురో ఒకరు ఒట్టి అచ్చులో దూర్చాల్సిందే. తర్వాత వొచ్చేదానికి కొసలుంటాయి. మన వీధికి నువ్వే మొదుటి పడుగు, అందుకే కష్టంగా ఉండాది. ఆడ నీకు పోగందించే మనిషిని ఒకదాన్ని ఎతుక్కో. నువ్వే తిరిగొచ్చేస్తే, ఇదో, ఈ బొరుగుల దొంగ ఎవుర్ని పట్టుకోని పోవాల?"

అక్క నా వైపు తిరిగింది. నా నోటినిండా బొరుగులు. ఇద్దరం పగలబడి నవ్వాం.

మర్నాడే ఆమె బస్సెక్కింది. తరగతిలో తనలాగే నోరు విప్పడానికి జంకే పూతలపట్టు రైతు బిడ్డ ఒకామెను వెతికి పట్టుకుంది. ఒకరడిగితే ఒకరు చెబుతూ ఇద్దరూ లెక్చరర్లయ్యారు. నేను కాలేజీలో చేరడానికి వెళ్లిన రోజు తిరుపతి బస్టాండులో ఇద్దరూ నాకోసం నిలబడి ఉన్నారు. ఒకామె నా ట్రంకు పెట్టె అందుకుంది, ఇంకొకామె నా చెయ్యి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తర్వాత ప్రొఫెసరైన రోజు కూడా కలగలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఆదివారాలు మా వరండాలో పరిశోధన చేసే అమ్మాయిలు చేరతారు. ఒకరు రాసింది ఒకరు దిద్దుతారు. ఇంటర్వ్యూకు పోయేదాన్ని మిగతావాళ్లు ముందే ప్రశ్నలతో వేపుకు తింటారు. బొరుగులు నావి.

మొన్న ఏర్పేడులో పరిశోధన చేసే కొత్త పిల్ల ఒకతె వచ్చింది. వాళ్ల ల్యాబులో ఆమె ఒక్కతే ఆడపిల్లట. మానేద్దామనుకుంటున్నానని చెప్పి, "మీరూ ఇట్లే భయపడినారా మేడమ్?" అని అడిగింది.

"నా వంతు భయంలో సగం మా అక్క ముందే పడింది. నీ వంతులో సగం నేను పడినా. మిగతాది ఈళ్లంతా పంచుకుంటారు. కూర్చోమ్మీ, బొరుగులు తిను" అన్నాను.

అందరూ జరిగి ఆ పిల్లకు చోటిచ్చారు. నాకు నవ్వొచ్చింది. అది అచ్చం ఆనాడు నాకు ఒళ్లు మండించిన మా అవ్వ నవ్వే.