మంగళవారం సెలవు

మా హ్యామర్ ఒక్క దెబ్బ వేస్తే పక్క ప్లాట్‌లో కప్పులోని టీ తొణుకుతుంది. మాట వరసకు అనడం లేదు. కప్పు పెట్టి చూశాను. టన్ను బరువున్న ఇనుప దిమ్మె ఐదడుగుల ఎత్తు నుంచి, ఎర్రగా కాలిన ముక్క మీద పడుతుంది. మొదటి దెబ్బకు ముక్క చదునవుతుంది. రెండో దెబ్బకు అచ్చులో కూరుకుపోతుంది. మూడో దెబ్బకు ట్రాక్టరులో పెట్టే భాగమై బయటికొస్తుంది. నిప్పురవ్వలు మోకాళ్ల దాకా లేస్తాయి. ఫరీదాబాద్‌లోని ఆ షెడ్డులో, ఆ చప్పుడు మధ్యనే, నలభై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మా ఆయన పోయాక కార్ఖానా కూడా నేనే నడుపుతున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. కుడి చెవి సగమే పనిచేస్తుంది.

ఆ దిమ్మెను లేపేది మనిషే. పైన ఒక డ్రమ్ము ఎప్పుడూ తిరుగుతుంటుంది. దాని మీదుగా వేసిన బెల్టుకు ఒక చివర దిమ్మె, రెండో చివర తాడు ఉంటాయి. తాడు లాగితే బెల్టు డ్రమ్మును కరుచుకుని దిమ్మెను పైకి లేపుతుంది. వదిలితే పడుతుంది. మా దగ్గర తాడు లాగేవాడు శ్రీకాకుళం జిల్లా మనిషి. మా ఆయన తెచ్చి పెట్టినప్పుడు కుర్రవాడు, ఇప్పుడు అతనికి అల్లుడున్నాడు. షెడ్డు వెనక గదిలో ఉండేవాడు. అతని కుడి చెయ్యి ఎడమ చేతికంటే లావు. ఎంత ఎత్తు నుంచి, ఎప్పుడు వదలాలో ఆ చేతికి తెలుసు. ఆ చెయ్యి ఉంటేనే హ్యామర్, హ్యామర్ ఉంటేనే మా పన్నెండు మందికీ అన్నం.

ఊరి ప్లాన్‌లో మార్పు వచ్చిందని, పారిశ్రామిక వాడల్లో పెద్ద రోడ్డు మీదున్న ప్లాట్లలో హోటళ్లు కట్టుకోవచ్చని మొదట విన్నప్పుడు, ఆ కాగితం తెప్పించుకుని మొత్తం చదివాను. హోటలు కట్టుకోవచ్చని ఉంది. పక్కనున్న కార్ఖానా మూసుకోవాలని ఎక్కడా లేదు. ఈ రెండో సంగతి చదివినవాళ్లు మా వీధిలో ఎక్కువమంది లేరు.

మా పక్కన బట్టలకు రంగులద్దే కార్ఖానా ఉండేది. నష్టాలొచ్చి మూతపడింది. దాన్ని కొన్నవాడు జేసీబీ తెప్పించాడు. అది పొద్దున్నే వచ్చి గోడల కడుపులో కొమ్ము దించినట్టు బకెట్టు దించి, సాయంత్రానికి అంతా నేలమట్టం చేసింది. రంగు తొట్లు పగిలి, నీలం నీళ్లు, ఎర్ర నీళ్లు మా గేటు ముందు కలిసి పారాయి.

కొన్నాయనకు ఢిల్లీలో పెళ్లి బట్టల దుకాణం. ఆ బజారు మంగళవారం మూస్తారు. కనుక ఆయన తన ప్లాట్ చూసుకోవడానికి మంగళవారమే వచ్చేవాడు, హనుమాన్ గుడిలో బూందీ ప్రసాదం తీసుకుని. మిగతా ఆరు రోజులూ పని ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, చూసేవాడు. మా వాడకు కూడా వారపు సెలవు మంగళవారమే. కరెంటు చాలని రోజుల్లో ఒక్కో వాడకు ఒక్కో రోజు పంచారు. మాకు మంగళవారం వచ్చింది, అలాగే ఉండిపోయింది. ఆ రోజు మా వీధిలో ప్రెస్సు తిరగదు, కొలిమి వెలగదు.

ఒక మంగళవారం నేను గది తాళాలు చూసుకోవడానికి వెళితే తాడు మనిషి బట్టలు ఉతుక్కుంటూ నవ్వాడు.

"మంగళారం బాబొచ్చినాడమ్మా. జాగా సానా శాంతిగా ఉందంట. పిట్టలు కూడా ఇనబడతన్నాయని ఠేకేదారుతోటి సెప్తన్నాడు."

"ఠేకేదారు ఏమన్నాడు?"

"హా జీ, హా జీ అన్నాడు."

"నువ్వు?"

"నానేటంటాను. ఏడాదై వొస్తన్నాడు, ఆయనకి తెలీదా ఏటి."

మేమందరం అలాగే అనుకున్నాం. మా వాడకు మంగళవారం సెలవని తెలియనివాడు ఒకడుంటాడని మాకు తోచలేదు.

హోటలు లేచింది. నాలుగు అంతస్తులు, ముందంతా అద్దం. దాన్ని తెరిచింది కూడా మంగళవారమే. పూజ అయింది, ఒక పెళ్లివారు అన్ని గదులూ తీసుకున్నారు, రాత్రంతా డప్పులు మోగాయి. బుధవారం ఎనిమిదిన్నరకు మా మొదటి దెబ్బ పడింది.

వాళ్లకు అది ఎలా వినబడిందో నాకు తర్వాత హోటలు వంటవాడు చెప్పాడు. మంచాలు నేల మీద జరిగాయట. స్నానాల గదిలో అద్దం పైనుంచి కిందికి చీలి ఒకావిడ పాదం మీద పడిందట. పెళ్లికొడుకు తండ్రి బనీనుతో బాల్కనీలోకి వచ్చి, భూకంపం అనుకుని అందరినీ మెట్ల మీదికి తరిమాడు. మెట్ల మీద తొక్కుకున్నారు. ఒక పిల్లకు ముక్కు పగిలింది. వాళ్లు రోడ్డు మీద నిలబడి ఉండగా రెండో ముక్క ఎక్కింది, మూడు దెబ్బలు.

హోటలాయన ఢిల్లీలో దుకాణం తెరవకుండానే మా గేటు దగ్గరికి వచ్చాడు.

"మాతాజీ, యే క్యా హై?"

"హ్యామర్."

"ఎప్పుడు పెట్టారు?"

"నలభై ఏళ్లయింది."

"నేను ఏడాదిన్నరగా వస్తున్నాను. ఒక్కరోజూ వినలేదు."

"మీరు వచ్చేది మంగళవారం. మాకు మంగళవారం సెలవు."

ఆయన నన్ను చూశాడు, తన అద్దాల మేడను చూశాడు.

మొదట బతిమాలాడు. మధ్యాహ్నం పూట మాత్రమే కొట్టుకోమన్నాడు. కొలిమి ఒకసారి వెలిగిస్తే సాయంత్రం దాకా మండాల్సిందేనని చెప్పాను. తర్వాత ప్లాట్ అమ్మమన్నాడు. అమ్మనన్నాను. తర్వాత చప్పుడు మీద ఫిర్యాదు పెట్టాడు. మీటరు పట్టుకుని వచ్చిన అధికారి గేటు దగ్గర కొలిచి, నా ఎదురుగానే ఆయనతో అన్నాడు. "భాయ్ సాబ్, ఫ్యాక్టరీల మధ్యకు హోటలొచ్చింది. హోటళ్ల మధ్యకు ఫ్యాక్టరీ రాలేదు." ఆ మాటతో కాగితాల దారి మూసుకుపోయింది.

ఇక రెండో దారి పట్టాడు. మా రేకుల కప్పు మీద రాళ్లు పడ్డాయి. ఒక పొద్దున గేటు లోపల కుక్క కళేబరం, మెడకు వైరు బిగించి. ఇంకో రోజు కేబుల్ నరికేశారు. నేను కేబుల్ వేయించి, కుక్కను పాతిపెట్టించి, హ్యామర్ నడిపించాను. తాడు మనిషి మాత్రం, "ఈసారి మిషను మీదికొస్తారమ్మా. బెల్టు కోస్తే నెల్లాళ్లు కూకోవాల. మోటారు పగలగొడితే మరి లేవం" అన్నాడు.

ఆ వారం బుధవారం నాడు హోలీ పడింది. మావాళ్లు మర్నాడు గురువారం కూడా సెలవు కావాలన్నారు. ఊరికే ఇవ్వడం నా పద్ధతి కాదు. మంగళవారం పని చెయ్యండి, గురువారం తీసుకోండి అన్నాను. ఒప్పుకున్నారు. మా వాడలో ఆ మంగళవారం కొలిమి వెలిగింది మా ఒక్క షెడ్డులోనే.

మా మిషను మీదికి మనుషుల్ని పంపిన హోటలాయనకు మంగళవారం తప్ప ఇంకో రోజు తెలియదు. షెడ్డు ఖాళీగా ఉంటుందని చెప్పి పంపాడు. ఏడుగురు హోటలు వంటిల్లు వెనక గోడ దూకారు, చేతుల్లో ఇనుప రాడ్లు, ఒకడి దగ్గర బెల్టు కోసే కత్తి. హోటలు జనరేటరు హోరులో మా కొలిమి వాళ్లకు వినబడలేదు. ముక్కలు ఇంకా కాలుతున్నాయి, మొదటి దెబ్బ పడలేదు. వెనక తలుపు తన్ని లోపలికి వచ్చేసరికి ఎదురుగా పన్నెండు మంది, చేతుల్లో పటకార్లు.

ఆగి వెనక్కి పోతారనుకున్నాను. ముందున్నవాడు భయంతోనే కొట్టాడు. మా కొలిమి మనిషి చెవి పక్క చర్మం లేచి వేలాడింది. అంతే, షెడ్డంతా కలబడింది. ఎర్రటి ముక్క పట్టిన పటకారు విసిరితే ఒకడి భుజం మీద పడి చొక్కా అంటుకుంది. కాలిన బట్ట వాసన, కాలిన వెంట్రుకల వాసన. రాడ్డు రేకుకు తగిలితే ఒక చప్పుడు, ఎముకకు తగిలితే ఇంకో చప్పుడు. నా గది అద్దం పగిలి ఒళ్లో పడింది.

తాడు మనిషి అప్పటికి ఖాళీ దెబ్బ వేసి అచ్చు చూసుకుందామని దిమ్మెను పైకి లేపి ఉన్నాడు. ఒకడు వంగి, మెడ చాచి, దిమ్మె కింద తన రాడ్డు దూర్చాడు. అక్కడ ఇరికిస్తే మిషను విరిగిపోతుందనుకున్నాడు. వాడి తల అచ్చుకు మూరెడు దూరంలో ఉంది. తాడు మనిషి తాడు వదల్లేదు. రెండు కాళ్లూ తన్నిపట్టి, టన్ను ఇనుమును ఆ చేత్తో ఆపి అరిచాడు.

"హట్ జా, భాయ్, హట్ జా. తలకాయ తియ్."

వెనక నుంచి ఇంకొకడు ఆ చేతి మీదే కొట్టాడు. మోచేతి కింద చెయ్యి వంగరాని వైపు వంగింది. తాడు జారింది. దిమ్మె పడింది. దూర్చిన రాడ్డు బాణంలా ఎగిరి, దూర్చినవాడి దవడ మీద తగిలింది. పళ్లు నేల మీద చెదిరాయి. వాడు అరవలేదు, అరవడానికి నోరు లేదు.

మిగిలినవాళ్లు గేటు వైపు పరిగెత్తారు. నా గది గేటు పక్కనే కాబట్టి నేను వాళ్లకంటే ముందు గేటు దగ్గరున్నాను. తాళం వేసి, తాళంచెవి జాకెట్టులో పెట్టుకుని, పోలీసులకు ఫోను చేశాను. వాళ్లు వచ్చేదాకా మావాళ్లు ఆ ఆరుగురినీ కొట్టారు. ఒకడు వదిలిపెట్టమని నా కాళ్లు పట్టుకుని "ఆంటీజీ, ఛోడ్ దో" అన్నాడు. నేను ఆపమనలేదు.

పోలీసులు రెండు వైపులా కేసు రాశారు. మనిషి దవడ విరిగిన మిషను కాబట్టి హ్యామర్‌కు సీలు వేశారు. తాడు చివర లక్క ముద్ర వేలాడింది. అలా, బతిమాలినా దొరకనిది ఆయనకు దొరికింది. ఎండాకాలం పెళ్లిళ్లలో ఆయన హోటలు నిండిపోయింది. మా షెడ్డులో పన్నెండు మంది కాస్తా ఐదుగురయ్యారు. నా కప్పులోని టీ కదలకుండా ఉండేది. ఆ టీ తాగబుద్ధి కాలేదు.

మా తమ్ముడి కొడుక్కి గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక ఆదివారం వచ్చి కూర్చున్నాడు.

"అత్తా, ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఆయన కాంప్రమైజ్‌కి రెడీ. కేసు తీసేద్దాం, నువ్వు హ్యామర్ తీసెయ్. రూల్ నీక్కూడా వర్తిస్తుంది కదా. నువ్వే హోటల్ కట్టించు."

"కట్టించి?"

"కూర్చుని తినొచ్చు."

"ఇప్పుడు నిలబడి తింటున్నానా?"

"అది కాదు అత్తా. ఆ హ్యామర్‌మేన్‌కి కూడా బాగా ఇస్తానంటున్నాడు. పాపం, చెయ్యి పోయింది. అతన్నైనా అడుగు."

అతను గుమ్మంలోనే ఉన్నాడు. చేతిలో ఇనుప పట్టీ వేశారు. భుజం దాటి పైకి లేవదు. మళ్లీ తాడు లాగలేడని డాక్టరు చెప్పాడు. అడిగాను.

"ఆడిచ్చింది తీసుకుంటే నానే అమ్ముకున్నట్టమ్మా. ఆ రోజు తాడు వొదిలేస్తే నా సెయ్యి ఉండును, ఆ రాడ్డోడి తలకాయ పోయుండును. ఒదల్లేదు. ఇప్పుడెందుకు ఒదులుతాను. సీలు తీయించండి. అల్లుడికి నేర్పుతాను."

మా మేనల్లుడు ఫోను చూసుకున్నాడు. నేను వకీలుకు కబురు పెట్టాను.

వర్షాలు తగ్గాక సీలు తీయమని ఉత్తర్వు వచ్చింది. మిషను దానంతటది పడలేదని, తాడు పట్టిన చేతిని కొట్టబట్టే పడిందని అందులో రాశారు. తాడు మనిషి అల్లుడు ఏడు వారాల పాటు ఖాళీ దెబ్బలు నేర్చుకున్నాడు. అరచేతుల తోలు రెండుసార్లు ఊడింది. మామ పక్కన నిలబడి, వంకర చెయ్యి కడుపుకు ఆనించుకుని, "లాగు. ఆగు. ఒదులు" అనేవాడు. తప్పు వేస్తే ఎడమ చేత్తో వీపు మీద కొట్టేవాడు.

ఈలోగా నేను ఒక పని చేశాను. మా కార్ఖానా వారపు సెలవును మంగళవారం నుంచి ఆదివారానికి మార్చుకుంటున్నట్టు లేబరాఫీసులో రాసి ఇచ్చి, ఆ బోర్డు గేటుకు కొట్టించాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మళ్లీ పని మొదలుపెట్టింది మంగళవారం నాడు. హోటలు గేటు దగ్గర స్టూలు మీద ఆ దవడ విరిగినవాడు కూర్చుని ఉన్నాడు. ఆయన వాణ్ని కాపలాకు పెట్టుకున్నాడు. ముఖం ఒక పక్కకు లాగేసి ఉంటుంది, గంజి తాగుతాడు. మా డ్రమ్ము తిరగడం వినగానే లేచి నిలబడ్డాడు. మొదటి దెబ్బకు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

హోటలాయన కారు ఎప్పటి వేళకే వచ్చింది. ఆయన ప్రసాదం పొట్లంతో దిగి లోపలికి వెళ్లాడు. రెండో ముక్క ఎక్కింది. అద్దాల్లో మా రేకుల షెడ్డు నీడ వణకడం నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఒక పలక జారి, మెట్ల మీద పడి పొడైంది. ఆయన బయటికొచ్చి, గాజు పెంకుల మీదుగా నడిచి మా గేటు దగ్గరికి వచ్చాడు. బూందీ పొట్లం చేతిలోనే నలిగింది.

"మాతాజీ, ఆజ్ తో మంగళ్ హై."

"మంగళవారమే. మాకు సెలవు ఆదివారం."

లోపల తాడు మనిషి అల్లుడితో "లాగు" అన్నాడు. ఆయన నాతో ఇంకేదో అన్నాడు. దెబ్బ పడింది. నా మంచి చెవి అటు తిప్పి మళ్లీ చెప్పమన్నాను. ఆయన నోరు తెరిచేలోగా ఇంకొకటి పడింది.