అమ్రీన్ ట్రైనింగు మధ్యలో లేచిన రోజు

అమ్రీన్‌ది జనగామలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఏ ఊరి రైతు ఏ రకం తీసుకున్నాడు, మొలక సరిగ్గా వచ్చిందా లేదా, ఎవరి ఫిర్యాదు ఏమిటి, ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. ఆ ఆఫీసులో ఒక మంచి పద్ధతి ఉంది. రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తే చాలు, ఎప్పుడు వచ్చావు ఎప్పుడు పోయావు అని అడగరు. వెసులుబాటు అందరిదీ అయినా, దాని మీద ఇల్లు నిలబెట్టుకున్నది మాత్రం అమ్రీన్ ఒక్కతే. ఏడింటికల్లా కుర్చీలో కూర్చునేది, మూడింటికి లేచేది. వారానికి మూడు సాయంత్రాలు ఆమె తండ్రి అబ్దుల్ గనీ దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి మరి.

గనీ సాబ్ ఒకప్పుడు పేరున్న దర్జీ. పెళ్లికొడుకు షేర్వాణీ అంటే జనగామలో సగం మంది ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. కిడ్నీలు చెడ్డాక కత్తెర పక్కన పెట్టాడు. మిషన్ మీంచి దిగాక కళ్లు తిరుగుతాయి కాబట్టి తోడు మనిషి లేనిదే దవాఖాన వాళ్లు ఎక్కించరు. ఒక పూట తప్పితే కాళ్లకు నీరు దిగుతుంది, పడుకుంటే ఊపిరి ఆడదు. అమ్రీన్ భర్త జీషాన్ లారీ మీద నాగపూర్ దాకా తిరిగే మనిషి, ఇల్లు చేరేది ఎప్పుడో. కాబట్టి ఆ తోడు మనిషి అమ్రీనే.

ఇలా నడుస్తున్న బండికి ట్రైనింగు అడ్డం వచ్చింది. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆఫీసుల వాళ్లందరినీ మహబూబాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి రెండు రోజులు నేర్పుతామన్నారు. రెండో రోజు సాయంత్రం పరీక్ష. అందులో తప్పినవాళ్లను ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అందరికీ అర్థమైంది. ఆ రెండో రోజు బుధవారం, గనీ సాబ్ వంతు.

అమ్రీన్ వారం ముందే మేనేజర్ జగన్మోహన్ దగ్గరికి పోయింది.

"సార్, బుధారం నేను మధ్యాహ్నమే రైలెక్కాలె. మా అబ్బా సంగతి మీకు ఎర్కే గద. మన టైం అక్కడ గూడ నడుస్తదా?"

"ట్రైనింగంటే ఆఫీసు బయట గదమ్మా," అని ఆయన మెడ గోక్కున్నాడు. "చూద్దాం తీ. నేను మాట్లాడ్త. నువ్వైతే పరేషాన్ గాకు."

జగన్మోహన్ చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఎవరి మొహం మీదా కాదనలేకపోవడం. కాదనలేని మనిషి కింద పని చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఇన్నేళ్లలో ఆయన 'చూద్దాం' చాలాసార్లు 'సరే'గానే తేలింది కాబట్టి అమ్రీన్ సరే అనుకుంది. అక్కడే పొరపాటు పడింది. తన ఆఫీసులో ఆయన పెద్దమనిషి. పరాయి హాల్లో ఆయన కూడా నోటుబుక్కు, పెన్ను పట్టుకుని కూర్చున్న విద్యార్థే.

బుధవారం భోజనాల వేళ ఆమె ట్రైనింగు ఇచ్చే శృతి మేడం దగ్గరికి పోయింది. ఆమె హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. సార్ మీకు చెప్పే ఉంటారు, నేను బయలుదేరతానంది అమ్రీన్. శృతి ఆశ్చర్యంగా చూసింది.

"నాతో ఎవరూ ఏం చెప్పలేదండి. మీ ఆఫీసు టైమింగ్స్ ఇక్కడ వర్తిస్తాయో లేదో నాకు తెలియదు. నాకిచ్చింది ఐదున్నర వరకు. మీ మేనేజర్ గారు సరే అంటే నాకేం అభ్యంతరం లేదు."

అమ్రీన్ పరుగున జగన్మోహన్ దగ్గరికి పోయింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"మేడం సరే అంటే నాకేందమ్మా. గది ఆమె చేతుల ఉన్నది."

"ఆమె మీ చేతుల ఉన్నదంటున్నది సార్. ఒక్క మాట చెప్పుండ్రి."

"కూసో, రాసి పో. అక్కడ గూడ నేను సెట్ చేసిన తియ్."

అక్కడంటే ఎక్కడో అమ్రీన్‌కు అర్థం కాలేదు. అడిగేలోపే ఆయన ప్లేటు పట్టుకుని లేచాడు. గోడ మీద పిల్లి ఎటు దూకినా దెబ్బ తగిలేది మాత్రం తనకే అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఒళ్లు మండింది.

మళ్లీ క్లాసు మొదలైంది. తెర మీద ఏవో గళ్లు, బాణాలు. అమ్రీన్‌కు ఒక్కటీ ఎక్కడం లేదు. ఈ ఉద్యోగం పోతే మిషన్ దాకా పోయే ఆటోకు కూడా చెయ్యి చాచాలి. ఉద్యోగం కోసం కూర్చుంటే అబ్బాకు ఊపిరి ఆడదు. రైలుకు వేళవుతోంది. ఇక ఆగలేక లేచి, అందరూ చూస్తుండగా ముందుకు నడిచింది.

"మేడం, నేను అడుగుతలేను, చెప్పి పోతున్న. మా అబ్బాకు డయాలసిస్ ఉన్నది. పరీక్ష మళ్లెప్పుడు పెట్టినా రాస్త."

"మీ ఇష్టం. ఆబ్సెంట్ పడుతుంది," అంది శృతి, కోపమేమీ లేకుండానే.

జగన్మోహన్ తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

రైలు కాజీపేట బయట సిగ్నల్ కోసం ఆగిపోయింది. అబ్బాకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. జనగామలో దిగి ఉరుకుల మీద దవాఖానకు పోతే, మిషన్లు చూసే సాయికుమార్ వింతగా చూశాడు.

"మీ నాయిన పొద్దుగాలనే ఫోన్ చేసిండు గదక్కా, ఇయ్యాల రాను, శుక్రారం వస్త అని. వద్దని చెప్పినా ఇనలే. బెడ్ వేరేటోళ్లకు ఇచ్చినం."

అమ్రీన్ అక్కడే గోడకు ఆనుకుని సాయికుమార్‌ను బతిమాలింది. తెల్లారి మొదటి వంతు ఇస్తానని అతను మాటిచ్చాడు. రాత్రి ఆయాసం ఎక్కువైతే ఆగకుండా తీసుకురమ్మని కూడా చెప్పాడు.

ఇంట్లో గనీ సాబ్ మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆనుకుంటే ఆయాసం. మొహం ఉబ్బింది. బిడ్డను చూసి నవ్వబోయాడు.

"జల్ది వచ్చినవేంది బేటీ? నీ సార్ నిన్ననే ఫోన్ చేసిండు. చాచా, నీ బిడ్డకు పరీక్ష ఉన్నది, తప్పితే కష్టం, జర ముందుకో ఎన్కకో జరుపుకో అన్నడు. పాపం, ఎంత మర్యాదగ అడిగిండు. ఆయన పెండ్లి షేర్వాణీ నేనే కుట్టిన. ఎట్ల కాదంటా?"

సెట్ చేయడమంటే ఇదీ. కూతురికి కాదని చెప్పలేక, తండ్రిని అడిగాడు. తండ్రి తన ఊపిరి ఇచ్చేశాడు. అమ్రీన్‌కు అరవాలనిపించింది.

"పరీక్ష రాసినవా?" అన్నాడు గనీ సాబ్.

"రాసిన అబ్బా. మంచిగ రాసిన," అంది అమ్రీన్.

ఆ రాత్రంతా ఆయన వీపు వెనక దిండ్లు సర్దుతూ కూర్చుంది. తెల్లారీ తెల్లారకముందే ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. మిషన్ ఎక్కిన చాలాసేపటికి ఆయన ఊపిరి కుదురుకుంది. అప్పుడే జగన్మోహన్ ఫోన్.

"ఏందమ్మా, లేచి పోయినవ్? నేను చాచాతోని మాట్లాడి అంతా సెట్ చేసిన గద."

"ఎవరు బేటీ?" గనీ సాబ్ కళ్లు తెరిచాడు.

"జగన్మోహన్ సార్."

"నా తరఫున శుక్రియా చెప్పు. మనసున్న మనిషి."

అమ్రీన్ తండ్రి చేతికి గుచ్చిన సూదుల వంక చూసింది. 

"సార్, మా అబ్బా మీకు శుక్రియా చెప్పమన్నడు. ఇగ నుంచి నా టైం సంగతి నాతోనే మాట్లాడుండ్రి. కాదనేదుంటే నా మొహం మీదనే కాదనుండ్రి."