తోక పట్టని గూడు

నిన్న సాయంత్రం నా ఫోనులోని పిట్టలవాళ్ల వాట్సాప్ గ్రూపుకు ఒక ఫోటో వచ్చింది. కంచె దగ్గర నిలబడి పక్కవాటుగా తీసినది. ఒక మామిడిచెట్టు, దాని ముందు తెరిచిన నల్లగొడుగు, గొడుగు కింద చీర కుచ్చిళ్లు, రెండు కాళ్లు. కాళ్లు నావి. ముఖం గొడుగు చాటున ఉంది కాబట్టి కనబడదు. ఆ ఫోటోలో నాకు నచ్చిన సంగతి అదొక్కటే. కింద ఎవరో ‘ఈ వారపు అరుదైన పక్షి’ అని రాశారు. దాని కింద మిగతావాళ్లు నవ్వి నవ్వి కన్నీళ్లు కారే పసుపుపచ్చ ముఖాలను వరసగా పేర్చారు. మా కింది వాటాలో ఉండే ఇంటివాళ్ల కోడలుపిల్ల అదే గ్రూపులో ఉంది. ఆమె మెట్లెక్కి వచ్చి, నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే నిలబడి, “గిదేంది పెద్దమ్మా, పిట్టలను చూడబోతే మిమ్మల్నే ఫోటో తీసిండ్రు?” అంది. నేను నవ్వలేదు. పోయిన ఆదివారం నుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఆ ఆదివారం నడకకు నా పేరు రాయించింది ఆ అమ్మాయే. ‘పక్షుల నడక’ అట. తెల్లవారకముందే ఖమ్మంలో వ్యాను ఎక్కించుకొని, టేకులపల్లి దాటాక ఒక చెరువు, ఒక పామాయిల్ తోట, అడవి అంచున ఒక పాత మామిడితోట చూపించి, చివరకు బూర్గంపాడు దగ్గర గోదావరి ఇసుక తిన్నెల మీద పులిహోర పెట్టి తీసుకొస్తారట. ప్రకటనలో మామిడితోట పక్కన ‘పాత దొరతోట’ అని రాసి ఉంది. ఆ మాట చదివి కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను. అది మా తోట. అంటే, ఒకప్పుడు మాది. ఇల్లు కూడా ఆ పక్కనే ఉండేది. ఇప్పుడు లేదు; దాని రాళ్లు కోళ్ల షెడ్డుకు పునాది అయ్యాయి. ఆ వంశంలో మిగిలినదాన్ని నేనొక్కదాన్ని, మేడ మీద ఒక గదిలో కిరాయికి ఉంటున్నాను. ఇదంతా ముందే చెప్పేయడం ఎందుకంటే, తర్వాత తెలిసి ఎవరూ జాలిపడకూడదని. కొందరికి వంకాయ పడనట్టు నాకు జాలి పడదు.

మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది పెదనాయన. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మనిషి తాటిమొద్దులా నిటారుగా ఉండేవాడు. వానాకాలమైనా ఎండాకాలమైనా చంకలో నల్లగొడుగు ఉండాల్సిందే. పొద్దున్నే నన్ను లేపి, ముఖం కడిగీ కడగకముందే నడిపించుకొని పోయేవాడు. చెరువుకట్ట మీద నత్తగుల్ల కొంగలు, నీళ్లలో బుడుబుంగలు, జొన్నచేల మీద పాలపిట్ట, వాగు దాటితే అడవికోడి అరుపు. ఆయన వీటి గురించి పాఠాలేమీ చెప్పేవాడు కాదు. ఒక్కో చోట ఆగేవాడు, అంతే. ఆయన ఆగాడంటే అక్కడ ఏదో ఉందని అర్థం. అదెక్కడుందో నేనే వెతుక్కోవాలి. కనబడగానే నేను సంబరంగా చెయ్యెత్తబోతే నా మణికట్టు పట్టుకొని, “వేలు దించు బిడ్డా, గడ్డంతోని చూపియ్యి” అనేవాడు. సొరపిందెను వేలెత్తి చూపితే రాలిపోతుందని మా వైపు అందరూ అంటారు. మా ఇంట్లో ఆ నియమం పిట్టగూటికి కూడా వర్తించేది. చిన్నప్పుడు అది శాపమేమో అనుకొని భయపడ్డాను. తర్వాత నాకే తెలిసింది. చెయ్యి లేస్తే పిట్ట లేస్తుంది, గడ్డం లేస్తే లేవదు. అప్పటికే అలవాటు ఎంత ముదిరిందంటే, బడిలో మ్యాపులో గోదావరి ఎక్కడుందో చూపమంటే నేను గడ్డం ఎత్తి చూపి దెబ్బలు తిన్నాను.

ఆ తోటను నాటించింది పెదనాయనే. వాన రాకముందు, కాయలు దింపిన తర్వాత, తోట ఖాళీగా చల్లగా ఉన్న రోజుల్లో అక్కడికి ఒక పిట్ట వచ్చేది. నల్లటి తల, దాని మీద కుచ్చు, తెల్లటి ఒళ్లు, ఒంటికంటే రెండింతలు పొడవైన తెల్లటి తోక. దాని అసలు పేరేమిటో అప్పుడు నాకు తెలియదు. మా ఇంట్లో దాన్ని అల్లుడుపిట్ట అనేవాళ్లు. ఎందుకంటే ఉత్తరీయం వేలాడేసుకొని, పని చెబుతారేమోనన్న అనుమానంతో అటూ ఇటూ చూస్తున్నట్టు ఉండేది. కాని పాపం, అది పని చేస్తుంది. గుడ్ల మీద ఆడదానితో వంతులు వేసుకొని కూర్చుంటుంది. గూడు చూడబోతే టీకప్పంత. తోక అందులో పట్టదు. కూర్చున్నంతసేపూ అంచు మీదుగా కిందికి వేలాడుతూనే ఉంటుంది. పెదనాయన దాన్ని చూసి ఒకే ఒక్కసారి నవ్వాడు. “మనలాగనే ఉన్నది. ఇల్లు చిన్నగయింది, తోక తగ్గలే” అన్నాడు. అప్పటికి మా పొలాలు చాలావరకు పోయాయి. మిగిలినవాటి మీద కేసు నడుస్తోంది.

ఆ కేసు రోజుల్లోనే పట్నం నుంచి ఒక ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. ఆయన ఒక మాట చెబితే మా పని తేలికవుతుందని ఇంట్లో అందరి ఆశ. కోడికూర వండారు, గారెలు వేశారు. ఆయనకు పిట్టల వేట సరదా, తుపాకి తెచ్చుకున్నాడు. భోజనానికి ముందు అట్లా తోటలో తిరిగొద్దామన్నాడు. పెదనాయన వెంట వెళ్లాడు, వెనక నేను. కొమ్మల్లో పచ్చపావురాలు ఉన్నాయి. ఆఫీసరు తుపాకి ఎత్తాడు. పెదనాయన మెల్లగా, “గూళ్ల మీదున్నయి సార్, ఇప్పుడొద్దు” అన్నాడు. ఆయన నవ్వి, “ఏం దొరా, మీ ఇంటి గోడలకు కొమ్ములు ఊరికే మొలిచినయా?” అని మళ్లీ ఎత్తాడు. పెదనాయన వాదించలేదు. తుపాకి ముందుకు నడిచి, టప్పున గొడుగు తెరిచి నిలబడ్డాడు. అట్లా ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. ఆఫీసరు భోంచేయకుండానే జీపెక్కాడు. కోడికూర మేమే తిన్నాం. తర్వాత మిగిలిన పొలమూ పోయింది, చివరికి తోట కూడా. మా ఆస్తి ఎట్లా పోయిందని అడిగితే మా చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. ఆ మధ్యాహ్నం మాత్రం అందరి లెక్కలోనూ ఉంటుంది. “గొడుగు తెరిచి ఇల్లు మూసిండు” అని మా మేనత్త పోయేదాకా అంటూనే ఉంది.

ఇక పోయిన ఆదివారం. నడిపించేవాడు ముప్పై ఏళ్ల కుర్రవాడు. నెత్తిన టోపీ, ఒంటినిండా జేబులే ఉన్న చొక్కా. “అందరు జర సైలెంట్‌గ రాండ్రి!” అని చెరువు అవతలికి వినిపించేట్టు అరిచాడు. కొంగలు లేచిపోయాయి. పామాయిల్ తోటలో గోరింకలు తప్ప ఏమీ కనబడలేదు. దానికే అతను పది నిమిషాలు ఉపన్యాసం చెప్పాడు. అదంతా నేను ఓర్చుకున్నాను. మామిడితోట గేటు తీసినప్పుడు కూడా ఓర్చుకున్నాను. కొన్న రైతులు తోటను బాగానే చూసుకుంటున్నారు, ఆ మాట దాచను. అప్పుడు ఆ కుర్రవాడు తోట మధ్యలో ఉన్న పెద్ద చెట్టు కింద నిలబడి, “ఇది పాత దొరతోట. దొర గీ చెట్టు మీద మంచె కట్టుకొని పిట్టలను టపటపా కాల్చేటోడంట. ఇప్పుడు మనం కెమెరాలతోని షూట్ చేద్దాం!” అన్నాడు. అందరూ నవ్వారు. మా తాత వేటాడాడు, నేను అబద్ధమాడను. గోడల నిండా కొమ్ములుండేవి. కాని తాత పోయేనాటికి ఆ చెట్టు నా నడుమెత్తు కూడా లేదు. దాని మీద మంచె కట్టాలంటే ఉడుత కట్టాలి. ఆ చెట్టుకు నీళ్లు పోసిన చేతులెవరివో అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు. నేను ఎవరినో చెప్పుకొని గౌరవం అడుక్కునే అలవాటు మా ఇంట్లో లేదు.

కాని ఆ తర్వాత జరిగింది వేరు. చెట్టు కింది కొమ్మకు, ఎత్తైన మనిషి చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, అల్లుడుపిట్ట గూడు ఉంది. గూటి అంచు మీదుగా తెల్లటి తోక వేలాడుతోంది. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కుర్రవాడు జేబులోంచి ఆకుపచ్చ కాంతి చిమ్మే ఒక పెన్ను తీసి, గూటి మీద ఆ చుక్కను నిలబెట్టి, “అగో, అక్కడ!” అన్నాడు. వేలు కూడా కాదు, అంతకంటే పొడవైన వేలు! నా మణికట్టును ఎవరో పట్టుకున్నట్టయింది. పిట్ట లేచిపోయింది. గూట్లోంచి మూడు చిన్న నోళ్లు తెరుచుకున్నాయి. అతను అంతటితో ఆగలేదు. ఇంకో జేబులోంచి చిన్న స్పీకరు డబ్బా తీసి, ఫోను నొక్కి, అదే జాతి పిట్ట అరుపు వినిపించాడు. మగపిట్ట తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకొని, ముక్కు టకటకలాడిస్తూ ఆ డబ్బా మీదికి దూసుకొచ్చింది. ఆడపిట్ట కూడా వచ్చింది. కెమెరాలు టకటకమన్నాయి. లేని శత్రువు కోసం అది కొమ్మ కొమ్మా వెతుకుతోంది. ఎండ నేరుగా గూటి మీద పడుతోంది. గట్టు మీది తాటిచెట్టు మీద ఒక కాకి కూర్చొని, మెడ వంచి గూటివైపే చూస్తోంది. తుపాకీకన్నా ఇదే నీచమనిపించింది నాకు. తుపాకి పిట్టను చంపేది, అవమానించేది కాదు.

“ఇంకోసారి పెట్టు బ్రో, తోక కట్ అయింది” అన్నాడు పెద్ద కెమెరా ఆయన. డబ్బా మళ్లీ అరిచింది. ఇంకోసారి, మరోసారి. నా చేతిలో గొడుగు ఉంది. పెదనాయనది కాదు, ఖమ్మం బజారులో ఎండ కోసం కొన్నది. నేను ముందుకు నడిచి, గూటికి వీపు పెట్టి, కెమెరాల వైపు ముఖం పెట్టి, టప్పున తెరిచాను.

“ఆంటీ, జర జరగుండ్రి. ఫ్రేమ్‌ల వస్తున్నరు” అన్నాడు కుర్రవాడు.

“రానీ. ఆ డబ్బా బంద్ చెయ్.”

“ఏంది ఆంటీ గట్లంటరు? ఇందరు చీకట్ల లేచి వచ్చిండ్రు.”

“నేను గూడ చీకట్లనే లేచిన.”

“ఎవరీమె? గ్రూపుల ఎవరు చేర్చిండ్రు?” అని కెమెరా ఆయన గొణిగాడు. పక్కనున్న ఒకావిడ, “పోనియ్యుండ్రి, పెద్దమనిషి, పాపం” అంది. ఆ ‘పాపం’ నన్ను మిగతా అన్ని మాటలకన్నా ఎక్కువ మండించింది.

కుర్రవాడికి కూడా కోపం వచ్చింది. “ఓనర్ పర్మిషన్ తీసుకొనే వచ్చినం ఆంటీ. ఇది మీ జాగానా ఏంది?”

అతనికి తెలియక అడిగాడు. కాని ఆ ప్రశ్నకు జవాబు నా జన్మలో పైకి చెప్పాల్సి వస్తుందని నేను అనుకోలేదు. పెదనాయనకు ఆ రోజు అడ్డం నిలబడే హక్కు ఉంది, అది ఆయన తోట. నాకు గొడుగు తప్ప ఏమీ లేదు. “కాదు” అన్నాను. కాని వీపు వంచలేదు. “జాగా ఎవలదైనా గానీ, గూడు ఆ పిట్టది. పిల్లలు ఎండకు మాడుతున్నయి, కాకి కాచుకొని ఉన్నది. నువ్వు నడిపించెటోనివి. మంచిగ నడిపియ్యి. ఇక్కడికెళ్లి తీస్కపో వీళ్లను.”

కుర్రవాడు తాటిచెట్టు మీది కాకివైపు చూశాడు. తర్వాత అతను డబ్బాను జేబులో వేసుకొని, “పాండ్రి సార్, గోదావరి కాడ ఇంకా మంచి పిట్టలుంటయి” అన్నాడు. గేటు దగ్గరి నుంచి నన్ను కూడా పిలిచాడు. నేను కదలలేదు. నేను కదిలితే కెమెరాలు మళ్లీ లేస్తాయని నాకు తెలుసు. వ్యాను వెళ్లిపోయింది. దాంతో పాటు నా వాటా పులిహోర కూడా. చెయ్యి లాగేదాకా గొడుగు అట్లాగే పట్టుకొని నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే నేనూ వాళ్లలో ఒకదాన్నే. తర్వాత రోడ్డు దాకా నడిచి, ఆటో పట్టుకొని ఇల్లు చేరాను. అప్పటినుంచి కోపం చల్లారలేదు. ఆ కుర్రవాడి మీద, నవ్విన వాళ్లందరి మీద, ‘కాదు’ అన్న నా గొంతు మీద కూడా. అన్నిటికంటే నన్ను పీకుతున్నది ఒకటే. ఆ తల్లిదండ్రులు తిరిగి వచ్చాయా, కాకి ముందు వచ్చిందా?

నిన్న ఆ ఫోటోను చెరిపేయబోతూ, ఎందుకో రెండు వేళ్లతో పెద్దది చేశాను. గొడుగు పెద్దదైంది, కొమ్మ పెద్దదైంది. గొడుగు అంచుకు అవతల, నా తల వెనకాల, కప్పంత గూడు. దాని మీదుగా కిందికి వేలాడుతున్న తెల్లటి గీత. మొదట అద్దం మీద మరక అనుకొని కొంగుతో తుడిచాను. పోలేదు. తోక అది. నేను వీపు పెట్టి నిలబడి ఉండగానే, నాకు బారెడు దూరంలో, అది వచ్చి పిల్లల మీద కూర్చుంది.

“అంత దగ్గర పెట్టుకొని ఏం చూస్తున్నరు పెద్దమ్మా?” అని కోడలుపిల్ల నా భుజం మీదుగా వంగింది.

“పిట్ట వచ్చింది.”

“ఏడున్నది? నాకు కనబడుతలేదు.”

నా వేలు లేచింది. ఫోను మీదికి వెళ్లి, తగలకముందే ఆగి, ముడుచుకుంది. నేను గడ్డం ఎత్తి చూపించాను.

“ఫోన్‌ల పిట్టను గూడ గడ్డంతోనే చూపిస్తరా? ఎగిరిపోతదా ఏంది?” అని ఆ అమ్మాయి మళ్లీ నవ్వింది.

“చెప్పలేం” అన్నాను.

ఫోటో చెరపలేదు. అట్లాగని ఆ నవ్వు ముఖాలను క్షమించానని కాదు. కాలం మా నుంచి పొలాన్ని, తోటను, ఇంటి రాళ్లను, పెదనాయనను వరసగా పట్టుకుపోయింది. ముడుచుకునే ఈ వేలు ఒక్కటి దాని కంటబడనట్టుంది.